సీతక్క చదివిన చదువు

ములుగు సీతక్క గురించి పత్రికల్లో వచ్చినన్ని కథలు ఈ మధ్యకాలంలో మన వైపు మరే మహిళా నాయకురాలి గురించీ వచ్చి ఉండవు. అడవిలో తుపాకీ పట్టిన పిల్ల అసెంబ్లీలో మైకు పట్టిందన్నది దాదాపు అన్నిటికీ మొదటి మాట. 2020 లాక్‌డౌన్ రోజుల్లో సరుకుల మూట మోసుకుంటూ అడవి దారుల్లో గూడేలకి నడిచి వెళుతున్న ఫోటో చివరి మాట. మరి మధ్యలో ఏముందయ్యా అంటే, ‘బయటికొచ్చాక లా చదివి’ అని ఒక్క ముక్క. అంతే. తుపాకీకి ఉన్న ఆకర్షణ లా పుస్తకానికి ఎక్కడిది!

నాకేమో ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఎందుకంటే ఆమె చదివిన చదువులో ఒక ప్రశ్న ఉంది. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళుంటే ఇక్కడివాళ్ళవుతారు అన్నది ఆ ప్రశ్న. పరిశోధకురాలిగా ఆ ప్రశ్న వేసింది ఆమే. 2023 డిసెంబర్ నుంచి జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూర్చుందీ ఆమే.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఆమె అసలు పేరు దనసరి అనసూయ. 1971లో ములుగు మండలం జగ్గన్నపేటలో కోయ కుటుంబంలో పుట్టారు. బడికి పోయే వయసులోనే జనశక్తి దళంలో చేరారు. సీతక్క అన్నది దళంలో పేరు. తొంభైలలో ఆ జీవితం వదిలి బయటికొచ్చారు. సోదరుడూ, భర్తా ఎన్‌కౌంటర్లలో పోయారు. చేతిలో కొడుకు. అలాంటప్పుడు ఆగిపోయిన చదువు మళ్ళీ పట్టుకుని, లా పూర్తిచేసి, వరంగల్ కోర్టులో ప్రాక్టీసుకి దిగారు.

పెళ్ళయి, పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం తెరిచిన ఆడవాళ్ళకి ఆ కష్టమేమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పరీక్ష ఫీజు కట్టడానికే నలుగురికీ సంజాయిషీ చెప్పుకోవాలి. “ఈ వయసులో నీకెందుకు?” అని ఇంటికి పక్కింటివాళ్ళొచ్చి మరీ అడుగుతారు. ఆమెనయితే ఆ మాట అడిగేందుకు కూడా జంకి ఉంటారనుకోండి!

కానీ ఏజెన్సీలో పుట్టిన పిల్ల లా చదవడమంటే మన పిల్ల చదవడం లాంటిది కాదు. మనకి కోర్టంటే ఎప్పుడో ఒకసారి ఆస్తి పంపకానికో, విడాకులకో ఎక్కే మెట్లు. అడవిలో ఉన్నవాళ్ళకి పొద్దున లేచిన దగ్గరనుంచీ చట్టమే. కట్టెపుల్ల తెస్తే అటవీ చట్టం. పోడు కొడితే కేసు. భూమి అమ్మాలన్నా, కొనాలన్నా ‘వన్ ఆఫ్ సెవెంటీ’, అంటే షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదనే 1970 నాటి నిబంధన. ఆ చట్టం రాసినవాళ్ళకి కోయభాష రాదు, ఆ చట్టం కింద పట్టుబడ్డవాళ్ళకి కోర్టు భాష రాదు. వరంగల్ కోర్టు ఆవరణలో చెట్ల కింద పొద్దుటినుంచీ సాయంత్రం దాకా పిలుపు కోసం కూర్చునే ఏజెన్సీ ఆడవాళ్ళని నేను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. వాళ్ళ మాట వాళ్ళ భాషలోనే విని, దాన్ని కోర్టు భాషలో చెప్పగల మనిషి నల్లకోటు వేసుకుని ఎదురుపడితే అదెంత ధైర్యమో ఊహించుకోవచ్చు. నన్నడిగితే తుపాకీ కంటే ఆ కోటే పెద్ద మలుపు.

రాజకీయాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ములుగు నుంచి 2004లో తెలుగుదేశం తరఫున నిలబడి ఓడిపోయారు. 2009లో గెలిచారు. 2014లో మళ్ళీ ఓటమి. 2017లో రేవంత్‌రెడ్డితో పాటు కాంగ్రెస్‌కి వెళ్ళారు. 2018లో, 2023లో గెలిచారు. 2023లో ఆమె మీద భారత రాష్ట్ర సమితి నిలబెట్టిన బడే నాగజ్యోతి తండ్రి కూడా అజ్ఞాతంలో పనిచేసి ఎన్‌కౌంటర్లో చనిపోయినవారే. అలాంటి ఇళ్ళలోంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకే సీటు కోసం ఓట్లడుక్కుంటూ ఊరూరూ తిరగడం ఎంత పెద్ద విషయం! ఆ పోటీని మన పత్రికలు మెజారిటీ అంకెల్లో తేల్చేశాయి.

ఇక అసలు సంగతికొస్తాను. ఎమ్మెల్యేగా ఉండగానే 2022లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి పొలిటికల్ సైన్సులో పీహెచ్.డి. తీసుకున్నారు. డాక్టరేటు రావడం అందరూ రాశారు. దేనిమీద అన్నది కొద్దిమందే రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి వలస వచ్చిన ఆదివాసులు సమాజానికి ఎలా వెలి అయ్యారు, ఏమేమి దక్కకుండా పోయాయి అన్నది ఆమె పరిశోధన. వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయల్ని తీసుకుని రాశారు. తన నియోజకవర్గంలోనే ఉంటూ, లెక్కలో లేనివాళ్ళ గురించి.

ఎవరీ గొత్తికోయలు? కొందరు గుత్తికోయలనీ అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, బీజాపూర్, సుక్మా వైపునుంచి వచ్చినవాళ్ళు. కూలికీ, మిరప తోటల్లో కాయ కోయడానికీ వచ్చిపోవడం అంతకుముందూ ఉంది. 2005లో అక్కడ సల్వాజుడుం మొదలయ్యాక మాత్రం వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళలేదు. ఇటు మావోయిస్టులు, అటు జుడుం, పోలీసులు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పిల్లల్ని చంకనేసుకుని అడవిలో నడిచి ఇటు దాటారు. ఆ సల్వాజుడుం కోసం గిరిజన యువకుల్ని స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా పెట్టి చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పొచ్చిందని ఊళ్ళు మళ్ళీ లేచి నిలబడవు కదా. భూపాలపల్లి, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో చిన్నచిన్న గూడేలు కట్టుకుని ఉండిపోయారు. రోడ్డు ఎక్కడో ఆగిపోతుంది. అక్కడినుంచి నడక. 2025 ఏప్రిల్, మే నెలల్లో సరిహద్దులోని కర్రెగుట్టల మీద భద్రతా బలగాలు పెద్ద ఆపరేషన్ చేసినప్పుడు మనమంతా టీవీల ముందు కూర్చుని చూశాం. ఆ గుట్టలకి అటూ ఇటూ ఇళ్ళున్నవాళ్ళు వీళ్ళే.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. గొత్తికోయలు భారత పౌరులే. ఆధార్ కార్డులు, ఓటరు కార్డులు వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నంతకాలం వాళ్ళు షెడ్యూల్డు తెగ. అడవి దాటి ఇటు అడుగుపెట్టగానే కాదు! రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఒకటుంది, మర్రి చంద్రశేఖరరావు కేసు. చిత్రమేమిటంటే అదీ మన తెలుగు కుటుంబం కథే. తెనాలిలో పుట్టిన కుర్రాడు. ఇక్కడ వాళ్ళది షెడ్యూల్డు తెగ. తండ్రి ఉద్యోగం మీద బొంబాయి వెళ్ళాడు. కొడుకు అక్కడ మెడికల్ సీటుకి ఎస్టీ కోటా అడిగితే కుదరదన్నారు. ఒక రాష్ట్రంలో వెనకబాటుకి గుర్తింపు వచ్చినంత మాత్రాన రాష్ట్రం మారితే ఆ గుర్తింపు వెంట రాదని కోర్టు తేల్చేసింది. అయితే ఆ తండ్రి ఉద్యోగం మీద వెళ్ళాడు. ఊరు తగలబడి పారిపోయి వచ్చినవాళ్ళకీ అదే సూత్రమా? తీర్పు చదివిన ప్రతిసారీ నాకీ సందేహం వస్తుంది. వాళ్ళూ వీళ్ళూ వేరని చెప్పే చట్టం ఇంతవరకూ రాలేదు.

రెండోది అటవీ హక్కుల చట్టం, 2006. దాని ప్రకారం పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందే ఆ భూమి సాగులో ఉండాలి. షెడ్యూల్డు తెగ కానివాళ్ళయితే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవిలో బతికినట్టు చూపించాలి. గొత్తికోయల్లో ఎక్కువమంది వచ్చింది సరిగ్గా ఆ తేదీకి అటూ ఇటూ. ఇక్కడ వాళ్ళు ఎస్టీ కాదు, 75 ఏళ్ళు చూపించనూ లేరు. మన ఆడవాళ్ళం గమనించాల్సింది ఇంకోటుంది. ఆ చట్టం కింద పట్టా ఇస్తే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. మన దేశంలో భార్య పేరు తప్పనిసరిగా ఎక్కించమన్న భూమి చట్టాలెన్ని ఉన్నాయి చెప్పండి? 2023 జూన్‌లో రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు ఎంతోమంది కోయ, లంబాడీ ఆడవాళ్ళ పేర్లు అలా కాగితం మీదికెక్కాయి. ఆ తేదీ తర్వాత వచ్చిన గొత్తికోయ స్త్రీకి ఆ వరసలో చోటే లేదు.

పట్టా లేకపోతే ఏమవుతుందో 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో చూశాం. అప్పటికది జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ములుగు ఇంకా విడిపోలేదు, 2019 ఫిబ్రవరిలో విడిపోయింది. అటవీ సిబ్బంది వచ్చి ఇళ్ళు కూల్చేశారు. వానాకాలం, చంటిపిల్లలు. విషయం హైకోర్టుకెళితే, వాళ్ళని వెళ్ళగొట్టవద్దని చెప్పాల్సి వచ్చింది.

అటువైపు మాటా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర రేంజి ఆఫీసరు చలమల శ్రీనివాసరావుని గొత్తికోయలు నరికి చంపారు. మొక్కల దగ్గర పశువులు మేపొద్దన్నందుకు మొదలైన గొడవ. ఉద్యోగం చేసుకుంటున్న మనిషి శవమై ఇంటికొస్తే ఆ ఇల్లాలికి వలసల చరిత్ర చెప్పి ఏం ఓదారుస్తాం? ఆ తర్వాత అక్కడి పంచాయతీ గొత్తికోయల్ని పంపించేయాలని తీర్మానం చేసింది. ఇద్దరు చేసిన పనికి గూడెం మొత్తం, పాలు తాగే పిల్లతో సహా, బాధ్యులైపోయారు. స్థానిక కోయల భయమూ కొట్టిపారేయలేం. ఉన్న అడవి ఒకటే. తునికాకు, ఇప్పపువ్వు, పోడు అన్నిట్లో పంచుకోవడానికి ఇంకొకరు వచ్చారు. దూరపు చుట్టాలే అయినా చుట్టం వారం ఉంటే ముద్దు, ఇరవై ఏళ్ళుంటే?

ఈ ‘మీదెక్కడ?’ అన్న ప్రశ్న మా ఇంట్లో కూడా బాగా అరిగిపోయిన ప్రశ్నే. మా తాతగారిది కృష్ణా జిల్లా. 1950లలో మానుకోట దగ్గర చవగ్గా భూమి దొరుకుతుందని రైలెక్కి వచ్చారు. మా అమ్మ, నేను, అందరం ఇక్కడే పుట్టాం. మానుకోటే ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. నన్నిచ్చింది జనగామకి. చెల్లెలు భూపాలపల్లిలో ఉంటుంది, మరిది సింగరేణి ఉద్యోగి. 2016 అక్టోబర్‌లో వరంగల్ జిల్లాని ముక్కలు చేసినప్పుడు మా కుటుంబం మూడు జిల్లాలైపోయింది! ఇన్నేళ్ళూ మా యాసని బట్టి, వంటని బట్టి “మీరు అటువైపు వాళ్ళు కదా” అని అడగనివాళ్ళు లేరు. 1969లో ముల్కీ గొడవలప్పుడు మా తాతగారు నెల్లాళ్ళు గడప దాటలేదట. అయినా మాకేం తక్కువైంది? భూమికి పట్టా ఉంది. నాలుగేళ్ళు వరసగా ఇక్కడ బళ్ళో చదివిన సర్టిఫికెట్లున్నాయి కాబట్టి చట్టం ప్రకారం మేం లోకల్. డబ్బు పెట్టి భూమి కొన్నవాడి వలసని సెటిల్‌మెంట్ అన్నారు, కాళ్ళీడ్చుకుంటూ వచ్చినవాడి వలసని ఆక్రమణ అన్నారు. మా తాతగారు బతికుంటే ఈ మాటకి నన్ను కోప్పడేవారేమో. కానీ నిజం అదే.

భూపాలపల్లి సంగతే చూడండి. బొగ్గు బావులు, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు వచ్చాక పెరిగిన ఊరది. మా చెల్లెలి క్వార్టర్ల వరసలో ఒకరిది మంచిర్యాల, ఒకరిది కొత్తగూడెం, ఒకరిది ఒంగోలు. ఎవర్నీ ఎవరూ సర్టిఫికెట్టు అడగరు. కంపెనీ ఐడీ కార్డు చాలు.

మహబూబాబాద్‌లో కథ ఇంకో రకం. అక్కడ తండాలెక్కువ. ఉత్తరాదినుంచి సరుకులు మోసే ఎడ్లతో వచ్చి దక్కనులో స్థిరపడ్డ బంజారాలే లంబాడీలు. తెలంగాణలో వాళ్ళకి ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. అదే జనం మహారాష్ట్రలో ఎస్టీ కాదు, విముక్త జాతుల లెక్కలో ఉంటారు. కర్ణాటకలో ఎస్సీ. మరిపెడ తండాలో పుట్టిన అమ్మాయిని నాందేడ్‌లో ఇస్తే పెళ్ళిబండి దిగేసరికి ఆమె ఎస్టీ హోదా జారిపోతుంది. ఈ గుర్తింపు మీద కోయలకీ లంబాడీలకీ ఉన్న తగువు 2017లో రోడ్డెక్కింది కూడా. ఆ తగువులో నేను వేలు పెట్టను. చెప్పేదొక్కటే. 1976లో పార్లమెంటు చేసిన ఒక్క చట్టంతో ఆ తండాల పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, డాక్టర్లయ్యారు. 2019లో మహబూబాబాద్ లోక్‌సభ సీటు నుంచి మాలోతు కవిత, అదే ఏడాది రాష్ట్ర మంత్రివర్గంలోకి సత్యవతి రాథోడ్ వెళ్ళారు. మా చిన్నప్పుడు సంతకి కాలినడకన వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే ఆడవాళ్ళ మనవరాళ్ళ తరం వీళ్ళు. జాబితాలో ఒక పేరు చేరితే ఎంత మారుతుందో మానుకోటవాళ్ళకి వేరే చెప్పాలా!

ఇక మా జనగామ జిల్లా. చాకలి ఐలమ్మ ఊరు పాలకుర్తి మా జిల్లాలోదే. విసునూరు దేశ్‌ముఖ్ మీద తన పొలం కోసం, గింజల కోసం ఎదురు నిలిచిన ఆ తల్లి పేరే కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెడుతున్నట్టు 2024లో ప్రకటించారు. ఆ పాలకుర్తిలో 2023 ఎన్నికల్లో అందరూ ముక్కున వేలేసుకునే సంగతి జరిగింది. అమెరికాలో స్థిరపడ్డ ఝాన్సీరెడ్డి పోటీకి సిద్ధమయ్యారు. ఆమెకున్నది అమెరికా పౌరసత్వం, భారత పౌరసత్వం సమయానికి రాలేదు. దాంతో కోడలు యశస్వినీరెడ్డి నిలబడ్డారు. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, దశాబ్దాలుగా ఓటమెరుగని ఎర్రబెల్లి దయాకర్‌రావుని నలభై ఏడు వేలకు పైగా ఓట్లతో ఓడించింది. జనం ఆమెని నువ్వు అమెరికా నుంచి వచ్చావు కదా అని తోసిపుచ్చలేదు. మంచిదే. వలస వెళ్ళిన కుటుంబం తిరిగొస్తే దండలేసి దించుకున్నాం.

దండల మాటొస్తే వేములవాడ గుర్తుకొస్తుంది. చెన్నమనేని రమేష్ 2009 నుంచి నాలుగుసార్లు అక్కడ ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబర్‌లో హైకోర్టు తేల్చి, ముప్ఫై లక్షల రూపాయలు కట్టమంది. ఆ కేసు నడుస్తుండగానే ఆయన ఏళ్ళ తరబడి శాసనాలు చేస్తూ వచ్చారు. ఇంకా దూరం వెళితే, హైదరాబాద్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్ళిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. ఆమెలాగే హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబర్‌లో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. తల్లి మద్రాసునుంచి చదువుకోడానికి వెళితే అక్కడ పుట్టిన కమలా హారిస్ లాయరై, సెనేటరై, ఉపాధ్యక్షురాలయ్యారు. మన పత్రికలు పండగ చేసుకున్నాయి. నేనూ చేసుకున్నాను, అబద్ధమెందుకు. వలస కుటుంబంలోంచి వచ్చిన లాయరు అక్కడ చట్టసభకెళితే మన గుండె పొంగుతుంది. మరి మన అడవిలోకి వలస వచ్చిన ఇంట్లో పుట్టిన ఆడపిల్ల లాయరు కావాలంటే ఆమెకి ముందు కావాల్సిన కాగితం ఏది?

పాలకుర్తిలో ఓడిన దయాకర్‌రావు చేతిలో ఉన్న పంచాయతీరాజ్ శాఖే 2023 డిసెంబర్‌లో సీతక్క చేతికొచ్చింది. దాంతోపాటు మహిళా, శిశు సంక్షేమం కూడా. అందుకే అసలు లెక్క ఇక్కడ వెయ్యాలంటాను.

ఆమె చేతిలో లేనిదేమిటి? ఎస్టీ జాబితా మార్చడం పార్లమెంటు పని. అటవీ హక్కుల చట్టంలో తేదీ జరపడమూ కేంద్రం పనే. రాష్ట్ర మంత్రి మహా అయితే సిఫార్సు పంపగలరు, ఒత్తిడి తేగలరు. దాన్ని చెయ్యలేదని ఆమెని తిట్టడం తెలివితక్కువ. కాకపోతే ఆ కారణం చూపించి అన్నిటినీ ఢిల్లీ మీదికి తోసెయ్యడానికీ వీల్లేదు.

ఎందుకంటే అంగన్‌వాడీకి కులం సర్టిఫికెట్టు అక్కర్లేదు. గర్భిణికి గుడ్డు, పాలు పెట్టడానికి ఆమె ఏ రాష్ట్రంలో పుట్టిందని అడిగే నిబంధన లేదు. టీకాకి లేదు. ప్రాథమిక బడికి లేదు. మంచినీళ్ళ బోరుకి లేదు. అడవిలో కట్టనివ్వరంటారా? అదే అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షను రెండో భాగం చదవండి. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, తాగునీరు, రోడ్డు లాంటి పదమూడు రకాల పనులకి, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీభూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి డెబ్భై ఐదు చెట్లకి మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫార్సు చెయ్యాలి. అంతే షరతులు. కేంద్ర చట్టంలోనే ఉన్న దారి ఇది, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు.

ఆ ‘గ్రామసభ సిఫార్సు’ దగ్గరే చిక్కంతా ఉంది. గొత్తికోయల గూడెం తనంత తాను పంచాయతీ కాదు. పక్కనున్న స్థానికుల గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ సభలో కూర్చునేది ఎవరు? సీతక్కకి ఓటేసిన కోయ అక్కచెల్లెళ్ళు. వాళ్ళ అంగన్‌వాడీలోనే కప్పు కారుతుంటే పక్క గూడేనికి కొత్తది రాయమంటే చేతులెత్తుతారా? ఇక్కడ జీవోలు పనిచెయ్యవు. ఎవరో ఒకరు వెళ్ళి, వాళ్ళ భాషలో, వాళ్ళ మధ్య కూర్చుని, మీ హక్కు తగ్గకుండానే వాళ్ళ పిల్లకి పాలు పొయ్యొచ్చని నచ్చజెప్పాలి. మంత్రుల్లో ఆ పని చెయ్యగల భాషా, చనువూ ఉన్నది ఎవరికో వేరే చెప్పాలా? ఆమెని మంత్రిగారూ అని పిలిచేవాళ్ళ కంటే అక్కా అని పిలిచేవాళ్ళే ఎక్కువ.

గొత్తికోయల ఓట్లు గెలుపోటముల్ని మార్చేటన్ని లేవు. కాబట్టి వాళ్ళ పని చేస్తే రాజకీయంగా లాభం లేకపోగా సొంత ఓట్లకి చేటు రావచ్చు. ఇది తెలిసీ ఆ జనం మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశారంటే, అది మామూలు డాక్టరేటు మోజు కాదని నేను నమ్ముతాను. ఆ నమ్మకంతోనే గట్టిగా అడుగుతున్నాను కూడా. తన పరిశోధనలో ఏయే గూడేల్లో ఏమేమి అందడం లేదో ఆమే రాసిపెట్టారు. వేరే కమిటీ వెయ్యక్కర్లేదు, సర్వే చేయించక్కర్లేదు. ఆ గ్రంథం ముందు పెట్టుకుని, ఏ గూడెంలో అంగన్‌వాడీ వచ్చింది, ఎక్కడ రాలేదు అని ఒక్కో పేరుకీ ఎదురుగా గీత గీసుకుంటూ పోతే చాలు. ములుగు, భూపాలపల్లి మహిళా సంఘాలవాళ్ళు ఆమె ఎదురుపడినప్పుడు సెల్ఫీతో పాటు ఆ జాబితా కూడా అడగాలి.

రెండేళ్ళకోసారి మేడారం జాతరకి అడవి దాటి ఛత్తీస్‌గఢ్ కోయలూ వస్తారు. గద్దెల దగ్గర ఎవర్నీ ఏ రాష్ట్రమని అడగరు. 2024 ఫిబ్రవరి జాతరకి మంత్రిగా సీతక్క ఏర్పాట్లు చూశారు. జాతర అయ్యాక వాళ్ళలో కొందరు తిరిగి సరిహద్దు దాటుతారు. కొందరు తాడ్వాయి అడవిలో తమ గూడేనికి నడుస్తారు. 2005లో చంకలో వచ్చిన పిల్లలకి ఇప్పుడు ఇరవై దాటాయి. వాళ్ళలో చాలామందికి చంకలో పిల్లలున్నారు. ఆ పిల్లలు పుట్టింది ములుగు జిల్లాలో, భూపాలపల్లి జిల్లాలో. వాళ్ళకి అయిదేళ్ళు నిండగానే ఏదో ఒక బళ్ళో పేరు రాయించాలి. రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ తర్వాత కులం అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఏం రాయాలో ఆ పంతులమ్మకి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.